విమానంలో వేసుకోవలసింది

పల్లంరాజుకు భీమవరంలో, ఉండి అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద, రొయ్యల మేత దుకాణం ఉంది. ఆ ఏడు అమ్మకాల్లో టార్గెట్ దాటిన డీలర్లందర్నీ మలేసియా తీసుకెళ్తామని జలరత్న ఫీడ్స్ వాళ్ళు ప్రకటించారు. అంతకు ముందు కూడా ఇలాంటి ప్రయాణాలు జరిగాయి గానీ అవి మగవాళ్ళవి. తిరిగొచ్చాక ఇంట్లో చెప్పుకోవడానికి వాటిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఈసారి భార్యలు కూడా రావాలని ఎండీగారే పట్టుబట్టారట.

అతని భార్య హైమ అప్పటిదాకా విమానం ఎక్కలేదు. పాస్‌పోర్టు ఇంటికి వచ్చిన రోజున తెరిచి చూసుకుని, ఫొటోలో తన ముఖం పోలీసులు వెతుకుతున్న మనిషి ముఖంలా ఉందని నవ్వుకుంది. ఆ తర్వాత దాన్ని తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది. వెళ్ళాలని ఆమెకు నిజంగానే ఉంది.

ప్రయాణానికి పది పదిహేను రోజుల ముందు కంపెనీ సేల్స్ ఆఫీసర్ కిరణ్ కుమార్ దుకాణానికి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. దాన్నిండా టీషర్టులు. పసుపుపచ్చ రంగు, ఎడమవైపు గుండె మీద ఎర్రటి రొయ్య బొమ్మ, వీపు మీద కంపెనీ పేరు.

"రాజమండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర అందరం ఇవే వేసుకోవాలండి. బ్యానర్ పట్టుకుని ఫొటో తీస్తాం. లేడీస్ కూడానండి. కింద నల్ల ప్యాంటు."

"మా ఆవిడ ప్యాంటేసుకుంటుందంటావా?" అని పల్లంరాజు నవ్వాడు.

"భలేవారే రాజుగారూ. మా అమ్మ బెంగళూరు వెళ్తూ వేసుకుందండి. అలవాటు పడ్డాక ఇంక చీర ముట్టుకోనంటోంది. మేడమ్‌గారికి ఏ సైజివ్వమంటారు?"

పల్లంరాజు కాసేపు ఆలోచించాడు. పెళ్ళాం సైజు ఎంతో అతనికి ఎప్పుడూ అవసరం పడలేదు. కొంచెం పెద్దదే ఇమ్మన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి రెండు టీషర్టులూ డైనింగ్ టేబుల్ మీద పెట్టి సంగతి చెప్పాడు. హైమ తన టీషర్టు విప్పి, రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని, రొయ్య బొమ్మ వైపు చూసింది. తర్వాత నాలుగు మడతలూ పెట్టి మళ్ళీ కవర్లో దూర్చింది.

"నేను రానండీ. మీరు వెళ్ళిరండి."

"అదేంటి? టికెట్లు కూడా అయిపోయాయి కదా."

"మోకాళ్ళు నొప్పిగా ఉంటున్నాయి."

మోకాళ్ళ నొప్పుల మాట అతను మొదటిసారి వింటున్నాడు. ప్యాంటు వేసుకోవడానికి సిగ్గుపడుతోందని అర్థం చేసుకున్నాడు. నాలుగు రోజులు పోతే తనే దారికొస్తుందిలే అనుకుని టీవీ పెట్టుకున్నాడు.

హైమకు ప్యాంటు గురించి బెంగేమీ లేదు. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఆమెకు ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. క్యాన్సర్ తొలి దశలోనే తెలిసింది కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు. మందులెక్కించినన్నాళ్ళూ మొగుడూ పెళ్ళాలు అక్కడే ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉన్నారు. భీమవరంలో చుట్టాలకి గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చేదాకా తిరుపతి మొక్కు అని చెప్పారు. ఆ ఆలోచన పల్లంరాజుదే. చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఆ జబ్బు పేరు వింటే జనం ఇంటికొచ్చి ఏడుస్తారనీ, అది హైమకు మంచిది కాదనీ అనుకున్నాడు. ఆ మాట అప్పుడు హైమకూ సబబుగానే తోచింది.

అబద్ధం ఎంత గట్టిగా నిలబడిందంటే, కొన్నాళ్ళకు ఇంట్లో కూడా అందరూ గర్భసంచి ఆపరేషన్ అనే అనడం మొదలుపెట్టారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే కూతురు ఫోన్లో "ఆపరేషన్ తర్వాత" అంటుందే తప్ప ఏ ఆపరేషనో అనదు. పల్లంరాజు అసలా ప్రస్తావనే తేడు. హైమ బట్టలు మార్చుకునేటప్పుడు గది తలుపు గడియ వేసుకుంటుంది. అతను తలుపు కొట్టడు.

చీర ఈ విషయంలో ఆమెకు ఎంతో సాయపడింది. పైట ఒంటిపొరగా వదిలి, కొంగు కుడి భుజం మీదికి లాక్కుంటే చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. రవికల్లో ఎడమవైపు దూదితో చేసిన మెత్త ఉంటుంది. హైదరాబాద్ ఆస్పత్రిలో కొనిపించిన సిలికాన్‌ది కూడా ఒకటుంది గానీ అది బరువు, చెమట పోస్తుంది. అట్టపెట్టెతో సహా బీరువాలో పడి ఉంది.

రెండు రోజుల తర్వాత మంజుష వచ్చింది. ఆకివీడు డీలరు భార్య. హైమ కంటే చాలా చిన్నది, విమానాలు బాగా ఎక్కిన మనిషి. ఆమెను పల్లంరాజే పంపించాడని హైమకు గుమ్మంలోనే తెలిసిపోయింది.

"అక్కయ్యా, మీరు రారట, ఏంటిది? మీరు రాకపోతే నేనెవరి పక్కన కూర్చోవాలి? ఆ తణుకు వాళ్ళావిడ పక్కన కూర్చుంటే మలేసియా దాకా వాళ్ళ కోడలి గురించే చెబుతుంది."

హైమకు నవ్వొచ్చింది. మంజుష కాఫీ తాగుతూ విమానంలో ఏం వేసుకోవాలో, ఏం వేసుకోకూడదో చెప్పుకుంటూ పోయింది. పట్టుచీర కట్టుకుంటే కూర్చున్నంతసేపూ కుచ్చిళ్ళతోనే సరిపోతుంది. చీరకు పెట్టుకునే పిన్నులన్నీ సెక్యూరిటీ దగ్గర కూతలు పెడతాయి. ఒంటికి పట్టేసే బట్టలొద్దు. పైకి వెళ్ళాక కాళ్ళు వాస్తాయి కాబట్టి చెప్పులు వదులుగా ఉండాలి. లోపల ఏసీ చలికి మేజోళ్ళు, ఒక శాలువా తప్పనిసరి. నగలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

"టీషర్టూ ప్యాంటూ అయితే ఇంక ఏ గొడవా ఉండదక్కయ్యా. పదండి, ఇప్పుడే వెళ్ళి ప్యాంటు కొందాం."

కాదనడానికి హైమకు కారణమేదీ దొరకలేదు. ఉన్న ఒక్క కారణం చెప్పడానికి వీల్లేనిది. బజార్లో పెద్ద బట్టల కొట్టుకు వెళ్ళారు. మంజుష నాలుగు నల్ల ప్యాంట్లు ఏరి, వాటి మీద వేసి చూసుకోవడానికని ఒక టీషర్టు కూడా ఇచ్చి ఆమెను ట్రయల్ రూంలోకి తోసింది.

లోపల మూడు వైపులా అద్దాలు. ప్యాంటు బాగానే పట్టింది. పైన టీషర్టు వేసుకుని చూసుకుంది. దూదిమెత్త రవికలో కుదురుగా ఉంటుంది గానీ, రవికే పల్చటి టీషర్టు కింద ఎత్తుపల్లాలుగా కనిపిస్తోంది. రవిక తీసి మామూలు బాడీలో మెత్తను దూర్చి చూసింది. చెయ్యెత్తగానే అది చంక వైపు జారింది. చివరికి దాన్ని తీసేసి ఊరికే నిలబడింది. కుడివైపు బట్ట ముందుకు వచ్చింది, ఎడమవైపు మడతలు పడి లోపలికి పోయింది. ఇంట్లో స్నానాల గదిలో చిన్న అద్దం తప్ప మరొకటి లేదు. రెండేళ్ళలో ఆమె తనను తాను పక్కనుంచి చూసుకోవడం అదే మొదటిసారి. అంత భయంకరంగా ఏమీ లేదు. కాకపోతే ఎవరు చూసినా తెలుస్తుంది.

"అక్కయ్యా, సరిపోయిందా?" అని బయటి నుంచి మంజుష తలుపు మీద తట్టింది.

"సరిపోయింది. వస్తున్నా ఆగు," అంది హైమ.

ఆ సాయంత్రం టీషర్టు సంచిలో పెట్టుకుని తబిత ఇంటికి వెళ్ళింది. తబిత లూథరన్ చర్చి వెనక వీధిలో బట్టలు కుడుతుంది. ఆపరేషన్ తర్వాత హైమ రవికలన్నీ ఆమే సరిచేసింది. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసిన బయటి మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూడా దాని గురించి ఎప్పుడూ మాట్లాడదు, కొలతలు తీసుకునేటప్పుడు తప్ప.

తబిత టీషర్టును వెలుతురుకు పట్టుకుని చూసింది. "ఇందులో దూదిది కుదరదండి అమ్మగారూ. గడ్డలా కనిపిస్తది. ఆ హైదరాబాద్‌ది ఉంది కదండి, అది పెట్టుకోండి. లోపల వేసుకునే బాడీకి నేను సంచి కుట్టిస్తాను, జారకుండా."

"అది బరువు తబితా. ఉక్క."

"ఫొటో తీయించుకునేదాకా ఓర్చుకోండి. తర్వాత మీ ఇష్టం."

మర్నాటికి కుట్టి ఇచ్చింది. తెచ్చి ఇంట్లో వేసుకు చూస్తే నిజంగానే ఏ తేడా కనిపించలేదు. అద్దంలో ఒక పసుపుపచ్చ టీషర్టు మనిషి, రెండు వైపులా సమానంగా ఉంది. హైమకు ఆ మనిషి కొంచెం కొత్తగా అనిపించింది. ఉత్సాహం మాత్రం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పల్లంరాజు అడిగాడు. "ఏంటి, వస్తున్నట్టేనా? మంజుషగారు ప్యాంటు కొనిపించారంట కదా. ఇన్నాళ్ళూ ఆ బట్టలకేగా సిగ్గుపడ్డావు?"

హైమ అతని కంచంలో పులుసు వడ్డిస్తోంది. గరిటె గిన్నెలో పెట్టేసింది. "బట్టలకి కాదండీ. టీషర్టు వేసుకుంటే తెలిసిపోతుందని."

"ఏం తెలిసిపోతుంది?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. నటించడం లేదు. ఆపరేషన్ అయిన ఈ రెండేళ్ళూ పక్కనే పడుకుంటున్న మనిషికి ఆ విషయం ఆ క్షణాన గుర్తు లేదు. ఆమెకు కోపం వస్తుందేమోనని తనే ఎదురు చూసింది. రాలేదు. ఊళ్ళో వాళ్ళకు చెప్పిన కథను ఈయన తనే నమ్మేశాడని మాత్రం అర్థమైంది.

"నాకు ఒకవైపు లేదు కదండీ," అంది.

పల్లంరాజు చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. మంచినీళ్ళు తాగాడు. "కిరణ్ కుమార్‌కి చెబుతాను. టీషర్టు బట్ట నీకు పడదని, దద్దుర్లు వస్తాయని చెబుదాం. చీరలోనే వద్దువుగాని."

"ఇంకో అబద్ధం ఎందుకండీ? ఉన్నవే గుర్తు పెట్టుకోలేక చస్తున్నాను. తబిత ఏదో కుట్టిచ్చింది, వేసుకుంటాను."

అతను సరేనన్నాడు. చెయ్యి కడుక్కుని లేస్తూ అతను తన కంచం తనే తీసి వంటింట్లో పెట్టాడు. ఎప్పుడూ చెయ్యని పని.

ప్రయాణం రోజున కంపెనీ బస్సు భీమవరంలో బయల్దేరి, దారిలో వాళ్ళను వీళ్ళను ఎక్కించుకుంటూ గోదావరి వంతెన దాటి మధురపూడిలోని ఎయిర్‌పోర్టు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పసుపుపచ్చ జనం బిలబిలమంటూ దిగారు. తణుకు వాళ్ళావిడ టీషర్టు మీద కాసులపేరు వేసుకుంది. ఇంకొకావిడ టీషర్టు పైనుంచి చున్నీ చుట్టుకుంది. ఫొటో అయింది. హైమ రెండో వరసలో నిలబడింది. ఎవరూ ఆమెను రెండోసారి చూడలేదు. సిలికాన్ ఎండకు వేడెక్కి, లోపల చెమట చారలు కట్టింది. అయినా గండం గడిచిందనే అనుకుంది.

సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళకు ఒక పక్కగా గుడ్డ తెర కట్టి ఉంది. లోపల ఖాకీ బట్టల్లో ఒక పడుచు. మంజుష తెరకు ఇవతలే ఆనుకుని నిలబడి ఉంది, తర్వాతి వంతు ఆమెదే. హైమ బల్ల ఎక్కి చేతులు చాపింది. మెషీన్ కూయలేదు. ఆ అమ్మాయి చేత్తో తడుముతూ ఎడమవైపుకు వచ్చి ఆగింది. మళ్ళీ నొక్కి చూసింది.

"లోపల ఏం పెట్టుకున్నారండి?"

హైమ తెర వైపు చూసింది. మెల్లగా ఏదో అంది. వినపడలేదు.

"గట్టిగా చెప్పండి మేడమ్. ఏంటిది?"

"క్యాన్సర్," అంది హైమ. "ఆపరేషన్ చేసి తీసేశారు. ఇది సిలికాన్‌ది పెట్టుకున్నాను."

ఈ మాటలు ఆమె నోటి నుంచి బయటకు రావడం అదే మొదలు. తను అనుకున్నంత కష్టంగా ఏమీ రాలేదు, ఊరూ పేరూ చెప్పినట్టే వచ్చాయి. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె వైపు చూసి, "సరేనండి, వెళ్ళండి," అని బోర్డింగ్ పాస్ మీద ముద్ర కొట్టింది. తెర పక్కకు తీసేసరికి ఎదురుగా మంజుష. ఆమె ముఖం చూస్తే అంతా విన్నదని తెలుస్తూనే ఉంది.

విమానంలో మంజుష పక్క సీట్లోనే కూర్చుంది గానీ హైదరాబాద్ దాకా ఏమీ మాట్లాడలేదు. బెల్టు ఎలా పెట్టుకోవాలో మాత్రం చూపించింది. గోదావరి కిటికీలో ఇసుక మేటలతో సహా వెనక్కి పోయింది. దిగబోతుండగా అంది, "మా అమ్మకి కూడా అదేనక్కయ్యా. మాక్కూడా చివరిదాకా చెప్పలేదు. నేను ఇంటర్‌లో ఉన్నాను అప్పుడు. కడుపులో పుండు అన్నారు." హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. విమానం ఆగేదాకా అలాగే పట్టుకుని ఉంది.

హైదరాబాద్‌లో రెండో విమానం కోసం చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. మంజుష ఎవరికీ చెప్పలేదు. కానీ తెర ఇవతల నిలబడింది ఆమె ఒక్కతే కాదు. కాసేపటికి ఆడవాళ్ళందరికీ తెలిసినట్టుంది. తణుకు వాళ్ళావిడ వచ్చి హైమ సంచి తను మోస్తానంది. చున్నీ ఆవిడ, ఇంటి నుంచి తెచ్చిన మిర్చి బజ్జీలు చూపించి, ఈ ఒంటితో హైమ ఇవి తినొచ్చా అని అడిగింది. ఆ దయ ఎలా పుచ్చుకోవాలో హైమకు తెలియలేదు. తినొచ్చని చెప్పి రెండు తీసుకుంది.

పల్లంరాజు ఆమెను పక్కకు పిలిచాడు. "అందరికీ తెలిసిపోయింది హైమా."

"తెలిసిందండీ. ఏడ్చారా ఎవరైనా?"

అతను వాళ్ళ వైపు చూశాడు. ఆడవాళ్ళు ఫోన్లలో ఫొటోలు చూసుకుంటున్నారు, మగవాళ్ళు రొయ్యల రేటు ఏం పలుకుతోందో మాట్లాడుకుంటున్నారు. ఎవరూ ఏడవలేదు.

రెండో విమానం ముందు మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ జరిగింది. ఈసారి తెర దగ్గర హైమ అడక్కుండానే తనే చెప్పేసింది.

మలేసియా విమానం పెద్దది, చలి ఎక్కువ. భోజనాలయ్యాక దీపాలు తగ్గించారు. పల్లంరాజు పక్కన కూర్చుని దుప్పటి కప్పుకున్నాడు. హైమకు పైన చలిగానూ, ఛాతీ మీద మాత్రం ఉక్కగానూ ఉంది. పొద్దుటి నుంచి మోస్తున్న బరువుకు భుజం లాగుతోంది, బాడీ పట్టీ కుట్లు పడ్డ చోట ఒరుసుకుంటోంది. కాసేపు ఓర్చుకుంది. తర్వాత చేతిసంచి తీసుకుని బాత్రూంకి వెళ్ళింది.

ఇరుకు గది. టీషర్టు పైకెత్తి, తబిత కుట్టిన సంచిలోంచి దాన్ని బయటకు లాగింది. తడిగా, ఒంటి వేడితో వెచ్చగా ఉంది. కాగితంతో తుడిచి, శాలువాలో చుట్టి చేతిసంచిలో పెట్టింది. గాలి తగిలి ఒరుసుకున్న చోట చల్లగా అనిపించింది. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడలేదు. బయట ఎవరో తలుపు లాగుతున్నారు.

నడవాలోకి వచ్చేసరికి కొంతమంది నిద్రపోతున్నారు, కొంతమంది మేలుకునే ఉన్నారు. తన వరస దాకా మామూలుగానే నడిచింది. పల్లంరాజు లేచి దారిచ్చాడు. అతని చూపు టీషర్టు మీద పడింది, పక్కకు పోయింది, మళ్ళీ వచ్చింది. తన దుప్పటి తీసి ఆమె మీద కప్పబోయాడు.

"నాకు చలిగా లేదండీ. మీరు కప్పుకోండి."

అతను దుప్పటిని కాసేపు చేతుల్లోనే పట్టుకుని ఉండి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. హైమ సీటు వెనక్కి వాల్చి చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది. ఛాతీ మీద చేతులు కట్టుకోకుండా నిద్రపోవడం ఆమెకు చాన్నాళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. దిగేదాకా మెలకువ రాలేదు.

హోటల్ గదిలో పల్లంరాజు ఫోన్ ఛార్జర్ కోసం ఆమె చేతిసంచిలో చెయ్యి పెట్టాడు. శాలువాతో పాటు ఆ సిలికాన్ వస్తువు కూడా చేతికొచ్చింది. హైమ మంచం మీద కూర్చుని మేజోళ్ళు విప్పుకుంటోంది. అతను కంగారుపడి లోపల పెట్టేస్తాడనుకుంది. అతను పెట్టలేదు. దాన్ని అరచేతిలో ఆనించి చూశాడు.

"ఇంత బరువుంటుందా ఇది?"

"రెండో దానికి సమానంగా ఉండాలంట కదండీ. లేకపోతే నడుం పక్కకు వాలిపోతుందన్నారు డాక్టరుగారు."

"నాతో ఎప్పుడూ అనలేదేం?"

"మీరు అడగలేదు."

అతను దాన్ని బల్ల మీద పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆపరేషన్ రోజున తను ఆస్పత్రి కింద క్యాంటీన్‌లో ఎంతసేపు కూర్చున్నాడో, నర్సు పిలుస్తుంటే పైకి రావడానికి ఎలా భయపడ్డాడో చెప్పాడు. కుట్లు ఇంకా నొప్పి పెడతాయా అని అడిగాడు. మబ్బు పట్టినప్పుడు లాగుతాయని హైమ చెప్పింది. కొంత చెప్పింది, కొంత చెప్పలేదు. అన్నీ ఒక్క పూటలో చెప్పాలని ఆమెకు అనిపించలేదు.

కింద నుంచి కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు. బస్సు సిద్ధంగా ఉంది, టిఫిన్ అయిపోవస్తోంది, ఈరోజు ఎవరి బట్టలు వాళ్ళు వేసుకోవచ్చు అన్నాడు. హైమ పెట్టె తెరిచి నూలు చీర ఒకటి బయటకు తీసింది. తలుపు గడియ వేసుకోవడానికి అక్కడ బాత్రూం ఉంది గానీ ఆమె అటు వెళ్ళలేదు. అతను అటు తిరగబోతే, "కూర్చోండి, ఫర్వాలేదు," అని టీషర్టు విప్పి, రవిక తొడుక్కుని, కుచ్చిళ్ళు పోసుకోసాగింది.